ఫోర్‌మన్ పాదాలు

బర్మామైన్స్, టాటానగర్
18 జూన్ 1978

అమ్మణ్ణి పిన్నికి,

నమస్కారాలు స్టేషన్లోనే పెట్టేశాను కనక నేరుగా సంగతుల్లోకి వస్తున్నాను. నువ్వు వెళ్లి వారమైంది. నాన్న మూడు రోజులు నా వంట నోరెత్తకుండా తిన్నాడు. నాలుగో రోజు, "పప్పులో ఉప్పెక్కువైనాదని అన్లేదమ్మా, ఉప్పులో పప్పు తక్కువైనాది, అంతే" అన్నాడు. డ్యూటీ పెట్టె తీసుకుని లోకోషెడ్డుకి వెళ్తూ గుమ్మంలో ఆగి నవ్వుకున్నాడు కూడా.

అమ్మ పోయిన ఏడాది, నెలరోజులుండి వెళ్దామని వచ్చి, తొమ్మిదేళ్లు మా ఇద్దరికీ వండి పెడుతూ ఉండిపోయావు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి ఇప్పుడు నర్సు ట్రైనింగేమిటని మన క్వార్టర్ల లైన్లో నవ్వినవాళ్లకి నేనే జవాబు చెప్పుకుంటున్నాను. దరఖాస్తు నింపింది నేను, నిన్ను రైల్లోకి తోసింది నేను. అందుకని ఇక్కడ ఏ లోటొచ్చినా నా పూచీ.

ఫోర్‌మన్ కులాసా. రెండింటికి కంపెనీ భోంపూ సైరను కూయగానే గూట్లోంచి పెరట్లోకి దూకి, వెనక కాలితో నేలమీద దబ్బుమని కొడుతోంది, షిఫ్టు మొత్తం తన కిందే దిగుతున్నట్టు. ఏ ఫోర్‌మన్‌ని తలుచుకుని నాన్న ఆ పేరు పెట్టాడో గాని, తెల్లకుందేలుకి ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

ఒకటి అడగాలి. రైలు కదులుతుంటే ఎవరైనా "జాగ్రత్త" అంటారు. నువ్వు కిటికీలోంచి "దాని పాదాలు చూడవే" అని అరిచావు. పక్క పెట్టె దాకా వినిపించింది. ఆ పాదాల్లో అంత ఏముందో వివరంగా రాయి. బీయస్సీ జువాలజీని, అర్థం చేసుకోగలను.

నీ పద్మకుమారి


నర్సింగు హాస్టలు, పార్వతీపురం
2 జూలై 1978

పద్మా,

దీవెనలు ముందే ఇచ్చేస్తున్నాను, ఇన్‌లాండు చివరికొచ్చేసరికి చోటుండదు.

గదికి ఆరుగురం. అందరిలోకీ నేనే పెద్ద. మొదటిరోజు అక్కా అన్నారు, మూడోరోజుకి అమ్మా అంటున్నారు. నోట్సులు రాసుకుంటుంటే వేళ్లు నొప్పి పుడుతున్నాయి. గరిటె పట్టిన చెయ్యి కదా. పది రోజులు మించి గైరుహాజరైతే పేరు కొట్టేస్తామని మేట్రన్ మొదటి క్లాసులోనే చెప్పింది, చెబుతూ నాకేసే చూసింది. నాకు మళ్లీ చేరడమన్నది లేదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

పాదాల సంగతి. కుక్కకీ పిల్లికీ అరికాలి కింద దిండులా కండ ఉంటుంది. కుందేలుకి లేదు. ఎముక, దాని మీద పల్చటి తోలు, ఆ పైన బొచ్చు. ఆ బొచ్చే దాని చెప్పు. అది తడిసి ఉండకూడదు, అరిగిపోకూడదు. రోజూ పొద్దున్నే పాతగడ్డి తీసేసి, ఖటాల్‌లో పశువుల పాకల దగ్గర పాలవాళ్లనడిగి ఎండుగడ్డి తెచ్చి బెత్తెడు మందాన పరుచు. పాదాలకి బురదంటితే కడగొద్దు. ఆరనిచ్చి పాత పళ్లబ్రష్షుతో దులుపు. ఆదివారం ఒళ్లో కూచోబెట్టుకుని, నడుము కింద చెయ్యి ఆనించి, నాలుగు పాదాలూ తిప్పి చూడు. మడమ దగ్గర బొచ్చు రాలి కందిగింజంత ఎర్రగా కనిపించినా నాకు రాయి. గోళ్లు పెరిగితే పాదం వంకరగా ఆనుతుంది, మీ నాన్నని కత్తిరించమను.

ఇవి నాకెవరూ చెప్పలేదు. ఫోర్‌మన్‌కి ముందు ఒకటుండేది, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. అది ఆ మడమ పుండుతోనే పోయింది. పోయాక తెలుసుకున్నాను.

అమ్మణ్ణి


బర్మామైన్స్
30 జూలై 1978

పిన్నీ,

పది రోజులుగా వాన. మన లైను సంగతి నీకు చెప్పాలా, చెప్పు బురదలో, కాలు గాల్లో. అందరూ ఎప్పట్లాగే లోకోషెడ్డు నుంచి ఛాయీ తెచ్చి పోస్తున్నారు. ఇంజన్లు దులిపిన బూడిద, చిట్టెం ముక్కలు, ఆ నల్లటి చెత్తకి వానాకాలంలో ఎంత మర్యాదో. నాన్న ఆరు గంపలు తెచ్చాడు. నేను చూస్తూ నిలబడితే పక్కింటి అసిరమ్మ గోడమీంచి, "ఏటమ్మా అలా సూత్తన్నావు, ఎండొచ్చీదాకా ఉంటావేటి? ఛాయీ పొయ్యి, నేలే నీళ్లు తాగీద్ది" అంది. నిజమే, గంటలో ఆరింది. గుమ్మం ముందు నల్లటి నేలమీద ముగ్గు వేశాను. ఇంత తెల్లగా నా ముగ్గు ఎప్పుడూ కనపడలేదు.

ఫోర్‌మన్ తనిఖీ జరుగుతోంది. పాదాలు బాగున్నాయి.

సెప్టెంబరులో కలకత్తాలో బ్యాంకు పరీక్ష. ఈ ఊళ్లో భోంపూ కూసినప్పుడు లేచి, కూసినప్పుడు తిని, కూసినప్పుడు పడుకుని విసుగెత్తిపోయింది. నువ్వు బయటపడ్డావు. ఇక నా వంతు.

పద్మ


పార్వతీపురం
13 ఆగస్టు 1978

పద్మా,

ముందు నా సంబరం. మంగళవారం మొదటిసారి నా చేతుల్లోకి ఒక బిడ్డ వచ్చింది. ఏడుపు కన్నా ముందు తన్ను తన్నింది. అరికాలు నా బొటనవేలంత ఉంది, ముడతలు ముడతలుగా. తల్లి "ఏటి సిస్టర్?" అని అడిగితే నేనింకా ఆ అరికాలే చూస్తున్నాను. పక్కనున్న మా గది పిల్ల "ఆడపిల్ల" అని చెప్పింది. ఆరోజు నడిచి హాస్టలుకొస్తుంటే నేలమీద నడుస్తున్నట్టు లేదు.

నీ ఛాయీ సంగతి చదివాను. గుమ్మం ముందు మంచిదే. గూటి చుట్టూ పొయ్యలేదు కదా? అందులో చిట్టెం గాజుపెంకులా ఉంటుంది. గంపలు మోసిన ఏడాది తడి ఛాయీకి నా వేళ్ల సందులు ఎలా ఒరిసిపోయాయో నీకు గుర్తుండాలి. మనకి చెప్పులున్నాయి, దానికి లేవు. ఒకవేళ పోసి ఉంటే ఈ ఉత్తరం మడవకముందే వెళ్లి తీసెయ్యి, గడ్డి పరిచెయ్యి. నాకు రాయి. ఏమీ అనను.

అమ్మణ్ణి


బర్మామైన్స్
24 సెప్టెంబరు 1978

పిన్నీ,

ఆలస్యమైంది. కలకత్తా వెళ్లొచ్చాను, నాలుగు రోజులు. పరీక్ష హాల్లో నా ముందమ్మాయి జడకి మూడు రంగుల రిబ్బన్లు, ఆ లెక్కలకన్నా అవే గుర్తున్నాయి. ట్రాములో నిలబడి ఊరంతా తిరిగాను. ఎవరికీ నేను గోవిందరావుగారమ్మాయిని కాను. ఎంత హాయిగా ఉందో.

నువ్వడిగిన ఛాయీ గుమ్మం ముందే ఉంది. గూటి దగ్గర గడ్డే.

ఫోర్‌మన్ చెవులు చూస్తే ముచ్చటేస్తుంది. పొద్దుటెండ వెనకనుంచి పడితే లోపలి నరాలు తమలపాకు ఈనెల్లా కనిపిస్తాయి. కుడి చెవి ఎడమదానికన్నా కాస్త పొడుగు, నువ్వెప్పుడైనా గమనించావా? చల్లగాలికి రెండూ వీపుమీద పరుచుకుంటుంది. నేను పిలిస్తే ఒకటే లేపుతుంది, రెండోది లేపడానికి నేను చాలను కాబోలు. ముల్లంగి ఆకులు బాగా తింటోంది. నువ్వు నిశ్చింతగా చదువుకో.

పద్మ


పార్వతీపురం
8 అక్టోబరు 1978

పద్మా,

ఉత్తరం చేరింది. ఫోర్‌మన్ చెవులు బాగున్నందుకు సంతోషం.

మొదటి పరీక్షలో నాది రెండో స్థానం. దసరాకి నాలుగు రోజులు సెలవిచ్చారు గాని, రానూపోనూ రైళ్లకే సరిపోతాయి. రావడం లేదు. మీ నాన్న దగ్గు ఎలా ఉంది? మిరియాల కషాయం ఇస్తూ ఉండు.

అమ్మణ్ణి


బర్మామైన్స్
12 నవంబరు 1978

పిన్నీ,

కిందటి ఉత్తరంలో నువ్వు పాదాల గురించి అడగలేదు. అడిగి ఉంటే మళ్లీ ఒక అబద్ధం రాసి పోస్టు చేసేదాన్ని. అడగకపోయేసరికి ఐదు వారాలు కలం కదల్లేదు.

ఛాయీ గూటి చుట్టూ పోసింది నేనే. జూలైలోనే. నాన్న తెచ్చిన ఆరు గంపల్లో మూడు అక్కడే పోశాను.

ఎందుకో కూడా రాస్తాను. ఖటాల్ నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని లైను ఆ చివరినుంచి ఈ చివరికి నడవాలి. నువ్వు ఏళ్ల తరబడి నడిచావు, నేనెప్పుడూ ఎదురొచ్చి అందుకోలేదు. ఒకరోజు నాతో కాలేజీలో చదివిన గౌరీదేవి, అగ్రికో కాలనీలో ఉండే ఇంజనీరుగారమ్మాయి, రిక్షాలో వస్తూ నన్ను చూసింది. వెక్కిరించలేదు. రిక్షా ఆపించి, "ఇంట్లో ఆవుందా?" అని మర్యాదగా అడిగింది. పేడ వాసన వేసే గడ్డి నా నెత్తిన, బీయస్సీ నా పేరు చివర. ఏమీ చెప్పకుండా వచ్చేశాను. మర్నాటినుంచి ఖటాల్‌కి వెళ్లలేదు. ఆ వారమే ఛాయీ వచ్చింది. గంటలో నేల ఆరిపోతే నా తెలివికి నేనే మురిసిపోయాను.

తెల్లటి పాదాలు రెండు రోజుల్లో నల్లబడ్డాయి. నువ్వు కడగొద్దన్నావు. నాకు చూడబుద్ధి కాలేదు. రోజూ సాయంత్రం సబ్బునీళ్లతో కడిగి, తడి తడిగానే మళ్లీ ఛాయీలోకి వదిలాను. తెల్లగా ఉంటే బాగున్నట్టే అనుకున్నాను. ఆదివారం తనిఖీ అని రాశానే, నీ ఉత్తరం అందాక మొదటి ఆదివారం చేశాను, అంతే.

నీ ఆగస్టు ఉత్తరం మడవకుండానే పెరట్లోకి వెళ్లాను. ఆ మాట మాత్రం నిజం. ఛాయీని నా మడమతో తన్ని చూశాను. వానలకి అణిగిపోయి రోడ్డులా గట్టిపడింది. పరీక్షకి రెండు వారాలుంది. వచ్చాక తవ్విద్దామనుకున్నాను. వచ్చాక, ముందు నీకు జవాబు రాద్దామనుకున్నాను. రాశాక, ఇక తవ్వితే రాసింది అబద్ధమని నాకే రుజువవుతుంది. అందుకని పెరట్లోకే వెళ్లడం తగ్గించాను. ఆకులు గుమ్మంలోంచి విసిరేదాన్ని.

దసరా మర్నాడు నాన్న అన్నం ముందు కూచున్నాడు. రెండింటి భోంపూ కూసింది. ముద్ద చేతిలోనే ఉంచుకుని కాసేపు విన్నాడు. "ఏటే, ఫోర్‌మన్ ఇయాళ డూటీకి రానేదేటి?" అన్నాడు. అప్పుడు తట్టింది నాకు, కలకత్తా నుంచి వచ్చాక ఆ చప్పుడు విననే లేదని.

వెళ్లి చూస్తే ముందుకాళ్ల మీద బరువంతా మోపి, వెనకవి నేలకి ఆనీ ఆననట్టు పెట్టుకుని గూటి మూల కూచుంది. రెండు మడమల్లోనూ బొచ్చు లేదు. కుడిది ఎర్రగా ఉంది. ఎడమది తెరుచుకుంది. నా బొటనవేలి గోరంత. ఒళ్లోకి తీసుకుంటే గింజుకోలేదు. అదే ఎక్కువ భయమేసింది. అసిరమ్మ గోడమీంచి తొంగిచూసి, "పొయ్యమన్నది నానే కదమ్మా. మనుసులు నడిసే చోటనుకున్నాను, దీనికనుకోనేదు" అని కళ్లొత్తుకుంది. ఆమె తప్పేమీ లేదు.

గంపలో పెట్టి బిష్టుపూర్‌లో పశువుల డాక్టరు భీమశంకర్‌గారి దగ్గరికి తీసుకెళ్లాం. పాదం చూసి, నన్ను చూసి, ఏం చదివావమ్మా అన్నారు. జువాలజీ అన్నాను.

"ప్రాక్టికల్స్‌లో ఏం కోశారు?"

"కప్ప, బొద్దింక."

"ఊఁ. పాదం దాకా రాలేదన్నమాట," అన్నారు. కోపంగా కాదు. కోపంగా అంటే బాగుండేది.

సూదిమందు, పూతమందు, కట్టు. నెల రోజులైంది. కుడిది మానుతోంది. ఎడమదానికి చీము ఎముక దాకా వెళ్లిందేమోనన్నారు. బతుకుతుందన్నారు. అంతవరకే అన్నారు.

వెంటనే ఎందుకు రాయలేదంటే, రాస్తే రైలెక్కేస్తావు, పదిరోజులు దాటిపోతాయి, నీ పేరు కొట్టేస్తారు. అది నిజం. నువ్వు వచ్చి ఆ పాదం చూస్తుంటే నేను పక్కన నిలబడలేననేదీ నిజమే. రెంటిలో ఏది ఎక్కువో నాకు తెలీదు.

నాన్నా నేనూ గునపంతో ఛాయీ తవ్వేశాం. మూడు రోజులు పట్టింది. రోజూ పొద్దున్న ఖటాల్‌కి వెళ్తున్నాను. రావద్దు పిన్నీ. ఏమైనా అనాలంటే ఉత్తరంలో అను.

పద్మ


పార్వతీపురం
26 నవంబరు 1978

పద్మా,

తిట్టడానికే కాగితం తీశాను. సగం రాశాను కూడా. చించేశాను. నా సంగతి దాచుకుని నిన్ను తిడితే నాకన్నా అబద్ధాలకోరు ఉండదు.

నాకు తెలుసు.

నువ్వు చెవుల గురించి రాసిన రోజునే తెలిసింది. చెవుల సంగతి నిన్నెవరడిగారు? తొమ్మిదేళ్లు నీకు జడలు వేసినదాన్ని. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి, ఆ పూటంతా కంచాలు ఎంత బాగా తోమానో చెప్పేదానివి. ఆ ఉత్తరం చదవగానే మొదటి కుందేలు పాదం కళ్లముందుకొచ్చింది.

"నిజం రాయి, పాదాలెలా ఉన్నాయి" అని ఒక కార్డు రాశాను. పోస్టుడబ్బా హాస్టలు గేటు పక్కనే ఉంటుంది. అక్కడిదాకా వెళ్లి వెనక్కొచ్చాను. అడిగితే చెప్పేస్తావు. చెబితే రావాలి. వస్తే, మళ్లీ ఇక్కడికి రావడం లేదు. ఈ ఊళ్లో నన్ను సిస్టర్ అంటున్నారు, పద్మా. అక్క పోయాక వచ్చిన చెల్లెలని అనడం లేదు, గోవిందరావుగారి మరదలని అనడం లేదు. దాని రుచి తెలిశాక వదల్లేకపోయాను. చెవులు బాగున్నందుకు సంతోషమని రాసి, నాలుక మడిచి ఇన్‌లాండు అంటించాను. దసరా సెలవులు రైళ్లకే సరిపోతాయన్నది కూడా సాకే. ఒక పూట ఉండొచ్చు. ఒక పూట చాలేది.

నువ్వు తెలియక మొదలుపెట్టావు. నేను తెలిసి ఊరుకున్నాను. రేపు ఏ తల్లి దగ్గరైనా ఇలాగే చూసీ చూడనట్టు ఊరుకుంటానేమోనని ఇక్కడ వార్డులో నిలబడినప్పుడల్లా అనిపిస్తోంది. ఒకటికి రెండుసార్లు దుప్పటి తీసి చూస్తున్నాను. మిగతా పిల్లలు చాదస్తం అంటున్నారు.

రావడం లేదు. నువ్వు రావద్దన్నావని కాదు, రానని నేనెప్పుడో అనుకున్నాను కనక. ఆ మాట పైకి చెప్పాల్సింది అప్పుడే.

కట్టు విప్పాక రుద్దొద్దు, నిమరొద్దు. గడ్డి ఇంకాస్త మందంగా వెయ్యి, గడ్డి కింద పాత గోనె పరుచు, తడిస్తే వెంటనే మార్చు. ప్రతి ఆదివారం ఒక కార్డు రాయి. పాదాల గురించే రాయి. బాగులేకపోతే బాగులేదని రాయి. చెవుల గురించి వద్దు.

అమ్మణ్ణి


బర్మామైన్స్
18 ఫిబ్రవరి 1979

పిన్నీ,

ఈ ఆదివారం కార్డు చాలేలా లేదు.

కుడి పాదం: బొచ్చు నిండుగా వచ్చింది. ఎడమది: పూర్తిగా మానింది. చీము ఎముకని తాకలేదట. బొచ్చు మాత్రం రాలేదు. ఆ మేర తోలు ఉల్లిపొరలా మెరుస్తోంది. ఇక రాదని భీమశంకర్‌గారు తేల్చేశారు. ఉన్నన్నాళ్లూ ఆ మడమ గట్టినేల మీద ఆనకూడదన్నారు. పెరడంతా గడ్డి పరవడం మొదలుపెట్టాను. లైన్లో మన పెరటికి ఖటాల్ అని పేరు పెట్టారు.

బ్యాంకు పరీక్షలో నా నంబరు లేదు. బాధ లేదని రాస్తే చెవుల గురించి రాసినట్టే అవుతుంది. రెండు రోజులు అన్నం సయించలేదు. మళ్లీ రాస్తాను. ఈ ఊరు వదలాలనే కోరిక అలాగే ఉంది. కాని వెళ్లేముందు ఈ గడ్డి ఎవరు మారుస్తారో చూసి మరీ వెళ్లాలని ఇప్పుడు అనిపిస్తోంది. ఇదివరకు అలా అనిపించేది కాదు.

మొన్న మోపుతో వస్తుంటే మళ్లీ గౌరీదేవి రిక్షా ఎదురైంది. ఈసారి తను ఏమీ అడగలేదు. నేనే ఆగి, "ఆవు లేదు, కుందేలుంది. కాలికి దెబ్బ తగిలింది, నా వల్ల" అన్నాను. తను నా నెత్తిమీది మోపుకేసి చూసింది. రిక్షా అతను మాత్రం "కౌన్‌సా పైర్?" అని, ఏ కాలో అడిగాడు. చెప్పాను. జూలైలో ఆ ఆవు మాటకి నవ్వి ఒక జవాబిచ్చి ఉంటే సరిపోయేది, ఇప్పుడు ఎంతమందికి ఎంత విడమర్చి చెప్పినా ఆ బొచ్చు రాదు.

నిన్న మధ్యాహ్నం సంగతి రాయడానికే ఈ ఉత్తరం. నేను గూట్లో గడ్డి మారుస్తున్నాను. నాన్న చెయ్యి కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. రెండింటి భోంపూ కూసింది. ఫోర్‌మన్ తల ఎత్తింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ముందుకి నడిచి, పెరడు మధ్యకి వచ్చి, ఎప్పట్లాగే ఒళ్లు బిగించి, వెనక కాలు పైకెత్తింది. ఎడమ కాలే. నాన్న నా భుజంమీద చెయ్యి వేశాడు. అది ఆ కాలిని కాసేపు అలాగే గాల్లో ఉంచింది. తర్వాత, ఒకసారి చెయ్యి కాలినవాళ్లు పెనం దగ్గరికి మళ్లీ వేలు తీసుకెళ్లేటప్పుడు ఎలా తీసుకెళ్తారో అలా, మెల్లిగా గడ్డిమీద దించుకుంది.

చప్పుడు కాలేదు.

పద్మ